లైసెన్స్ ఫైలు

2000 ఆగస్టు. తణుకులో అప్పాజీ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. శుక్రవారం పేరెంట్స్ మీటింగ్ మొదలైంది.

సరిగ్గా పదింటికి హైదరాబాద్ నుంచి కంపెనీవాళ్లు ముగ్గురు దిగారు. వాళ్లు కూర్చునేలోపే కాఫీలు వచ్చాయి.

"ఇరవై మెషీన్లలోనూ మా ఆపరేటింగ్ సిస్టమేనండి. కొన్నది ఒక్కటీ లేదు, అన్నీ దొంగ కాపీలే. మాకు కంప్లైంట్ వచ్చింది."

అప్పాజీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నిజమేనండి. ఒరిజినల్ కొని నేర్పితే ఈ పిల్లలు ఫీజు కట్టగలరాండి?"

తల్లుల కళ్లు చెమర్చాయి.

"ఎవరిచ్చారండి కంప్లైంటు?" ఓ తండ్రి లేచాడు.

"పేరు చెప్పకూడదండి."

చెప్పనక్కర్లేకపోయింది. అందరూ కిటికీలోంచి ఎదురు మేడ వైపు చూశారు.

అక్కడ దుర్గాసాయి లినక్స్ నేర్పుతాడు. ఎవరైనా ఉచితంగా కాపీ చేసుకోగల సిస్టమ్. మెట్ల దగ్గర గోడకు పేపర్ కటింగ్ అంటించాడు. పోటీని తొక్కేసినందుకు ఆ కంపెనీని రెండు ముక్కలు చెయ్యమని అమెరికా కోర్టు ఇచ్చిన తీర్పు అది.

కంపెనీ సంగతులు ఊళ్లో అంతగా తెలిసింది అతనికేనని ఆ కటింగే సాక్ష్యమైంది.

"రోజూ కంపెనీని తిడతావు. మళ్లీ ఆ కంపెనీకే చాడీలు చెబుతావా నాయనా?" అని మెట్ల మీదే నిలదీసింది అతని దగ్గర నేర్చుకునే కుర్రాడి తల్లి శ్యామలాంబ. కొడుకుని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

"నేను రాయలేదండి," అన్నాడు దుర్గాసాయి.

నెల తిరక్కుండా అతని దగ్గర ఒక్క విద్యార్థీ మిగల్లేదు. బోర్డు దిగింది.

అప్పాజీకి జరిమానా కూడా పడలేదు. తప్పు ఒప్పుకున్నవాళ్లకి కంపెనీ సదుపాయం ఉందట. సగం ధరకి లైసెన్సులిచ్చి, ఊళ్లో తమ గుర్తింపు పొందిన ఏకైక కేంద్రమని బోర్డు కట్టించారు.

"అయిందేదో అయింది. మా దగ్గర పాఠాలు చెప్పండి సాయిగారూ," అన్నాడు అప్పాజీ.

ఇంట్లో పసిపిల్ల. దుర్గాసాయి తలవంచుకుని చేరాడు. అప్పాజీది ఎంత పెద్ద మనసో అని ఊరంతా చెప్పుకున్నారు.

ఏడాది గడిచింది. ఓ రోజు హైదరాబాద్ నుంచి అప్పాజీ దుర్గాసాయికి ఫోన్ చేశాడు. "బీరువాలో లైసెన్స్ ఫైలుంది. పై కాగితం మీద నంబరు చదవండి."

చదివాడు. ఫోన్ పెట్టి ఫైలు మూస్తుంటే అడుగునున్న కాగితం జారిపడింది. కంపెనీకి రాసిన కంప్లైంటు నకలు.

"ఇరవై మెషీన్లలోనూ దొంగ కాపీలే. శుక్రవారం పదింటికి రండి, తల్లిదండ్రులు కూడా ఉంటారు."

కింద సంతకం అప్పాజీది.