కొంగ తాత వేసిన మరక

ఇప్పుడు చెప్పబోయే కథలో ఆవగింజంత అబద్ధం లేదు. అంత నిక్కచ్చిగా కథ చెప్పేవాడు చుట్టుపక్కల పది ఊళ్లలో ఒక్కడే ఉన్నాడు. ఎవరని అడక్కండి, సొంత డబ్బా కొట్టుకోవడం నాకు చేతకాదు.

ఒక లెక్కల మాస్టారు. తన నీడ ఎదురొచ్చినా పక్కకు తప్పుకునే రకం.

ఆయనకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల తప్పుకునే రకం కాదు.

ఇకపై ఎన్నికలు ఉండవని దేశాన్నేలే పెద్దాయన ప్రకటించిన రోజు, జనం చౌరస్తాకు వెళ్లి నోరు మెదపకుండా నిలబడ్డారు. వాళ్లలో ఆ పిల్లా ఉంది.

పోలీసులు లాఠీ ఎత్తలేదు. గొట్టాలతో వంకాయరంగు నీళ్లు చిమ్మారు. ఒంటికి అంటితే పది రోజుల దాకా పోని రంగు.

వెనకాలే మైకు వ్యాను తిరిగింది. "రేపు పదింటికి ప్రతి ఇంట్లోవాళ్లూ గుమ్మంలో నిలబడి చేతులు చూపించాలి."

రంగు చేతులవాళ్లను ఎక్కడికి తీసుకెళ్తారో మైకు చెప్పలేదు. అంతకుముందు వెళ్లినవాళ్లూ తిరిగొచ్చి చెప్పలేదు.

చేతులు అడ్డం పెట్టుకోవడంతో కూతురి మొహం దక్కింది గానీ, చేతులు మోచేతుల దాకా వంకాయలే. నిమ్మచెక్క, కిరసనాయిలు, ఇటుకపొడి, అన్నీ అయ్యాయి. తోలు లేచింది గానీ రంగు లేవలేదు.

తెల్లారింది. పొడుగు చేతుల చొక్కా ఏదైనా తొడిగి దాచుదామా అని మాస్టారు అల్లాడుతుంటే, గుమ్మం ముందు లాండ్రీ బండి ఆగింది.

ఆ నాలుగు వీధులకూ ఒకటే లాండ్రీ. నడిపే ముసలాయన్ను అందరూ కొంగ తాత అనేవారు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాడు. తెల్లబట్ట మీద సూదిమొనంత మరక కనిపించినా మళ్లీ మొదటి నుంచీ ఉతుకుతాడు.

తాత దించిన బట్టల మూటలో మాస్టారు చేతులు పెట్టాడు. చల్లగా తగిలింది. బట్టలన్నీ తడి. అన్నిటి మీదా వంకాయరంగు మరకలు. చేతులు బయటికి తీస్తే మణికట్టు దాకా అదే రంగు.

"ఏంటయ్యా ఇది?"

"రంగు దిగింది మాస్టారూ."

"తడిగా తెచ్చావేం?"

"ఆరబెట్టే తీరిక దొరకలేదు. గట్టిగా పిండి ఆరేసుకోండి. ఇంట్లో అందర్నీ ఓ చెయ్యి వెయ్యమనండి."

"బట్టలు పాడు చెయ్యడానికి ఇవాళే దొరికిందా నీకు? ఇక్కడ నా ప్రాణం పోతుంటే..."

ఇరవై ఏళ్లలో క్లాసులో కూడా గొంతు పెంచని మాస్టారు, తడిచొక్కా తీసి ముసలాయన మొహాన కొట్టాడు. చెంప మీద మచ్చ పడింది.

తాత తుడుచుకోలేదు.

"పదింటిలోపు పిండేయండి మాస్టారూ," అని బండి తోసుకుంటూ పక్కింటికి వెళ్లాడు.

"కళ్లు కనపడకపోతే కొట్టు కట్టెయ్ తాతా," అంది దర్జీ భార్య, దుప్పటి పిండుతూ.

"ఇది ఉతకడమా, పగ తీర్చుకోవడమా?" అన్నాడు పళ్ల డాక్టరు, రెండు చేతులా కోటు పిండుతూ.

వీధి వీధంతా తిడుతూనే పిండింది.

పదింటికి జీపు వచ్చింది.

ఇన్‌స్పెక్టరు మొదట దర్జీ ఇంటి ముందు ఆగాడు. "చూపించు."

వంకాయరంగు.

"చౌరస్తాకు వెళ్లావన్నమాట."

"లాండ్రీ సార్. నా పెళ్లినాటి కోటు చూడండి, ఎలా తగలేశాడో."

భార్యవీ అవే చేతులు. తిట్లు విని మంచం దిగొచ్చి, తువ్వాలు పట్టుకున్న పాపానికి, ఎనభై ఏళ్ల అత్తగారివీ అవే చేతులు.

పళ్ల డాక్టరు చేతులూ అంతే. "లాండ్రీ," అన్నాడు, అడక్కముందే.

ఇన్‌స్పెక్టరు తలెత్తి చూశాడు.

ఈ చివర నుంచి ఆ చివరి దాకా, ప్రతి గుమ్మంలో, చాచిన వంకాయరంగు చేతులు. వందల చేతులు. ఒక్కరూ నవ్వలేదు. ఒక్కరూ మాట్లాడలేదు. ఖాకీ కనపడితే చాలు మొరిగే వీధికుక్క కూడా ఊరుకుంది. దాని మూతిదీ అదే రంగు.

మాస్టారు వీధి ఆ చివరా ఈ చివరా చూశాడు. అన్ని చేతుల్లో తన కూతురి చేతులేవో తనే పోల్చుకోలేడు.

ఇన్‌స్పెక్టరు ఆయన గుమ్మం దగ్గరికే వచ్చాడు.

"అందరికీ మణికట్టు దాకా ఉంది. మీ అమ్మాయికి మోచేతుల దాకా ఉందేం?"

మాస్టారు జన్మలో అబద్ధమాడి ఎరగడు.

"దుప్పట్లన్నీ తనే పిండింది సార్. పెద్ద బట్టలు కదా."

తడుముకోకుండా అన్నాడు. ఆయనకే ఆశ్చర్యం వేసింది.

ఇన్‌స్పెక్టరు, దర్జీ తడికోటు పట్టి చూసిన చేత్తోనే జేబురుమాలు తీసి చెమట తుడుచుకున్నాడు. నుదుటి మీద అడ్డంగా వంకాయరంగు పట్టీ పడింది. పక్కనున్న కానిస్టేబులు గబుక్కున ఆకాశంకేసి చూశాడు.

"ఆ లాండ్రీ ఎక్కడ?" అని మాత్రం అడిగి ఇన్‌స్పెక్టరు జీపెక్కాడు.

కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, నిన్న తాత చౌరస్తాలో నిలిచిన నీళ్లు బకెట్లతో ఎత్తుకెళ్తుంటే చూశాను. రోడ్డు కడుగుతున్నాడనుకున్నా."

మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

లాండ్రీలో తాత ఇస్త్రీ చేస్తున్నాడు. చెంప మీద మచ్చ అలాగే ఉంది.

"తాతా, తప్పయింది. క్షమించు."

"మీరు అరవకపోతేనే బాధపడేవాణ్ణి మాస్టారూ. ఇరవై ఏళ్ల నుంచీ ఉతుకుతున్నా, తెలుపంటే తెలియనివాడికా ఉతికాను అనుకునేవాణ్ణి."

మడతపెట్టిన తెల్లచొక్కా ఒకటి ముందుకు జరిపాడు.

"ఇది మీదే. దీన్ని మాత్రం ఆ నీళ్లలో ముంచడానికి చెయ్యి రాలేదు."

ఆవగింజంత అబద్ధం లేదన్నాను కదూ. ఉంది. గుమ్మడికాయంత ఉంది.

కుక్క మూతి నిజం. ఇన్‌స్పెక్టరు నుదురు నిజం. మంచం దిగిన అత్తగారూ నిజమే. మాస్టారు పరుగెత్తడం, ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగా ఉండడం, బల్ల మీద ఆయన తెల్లచొక్కా ఒక్క మరక లేకుండా మడతపెట్టి ఉండడం, అన్నీ నిజం.

తాత అక్కడ ఉన్నాడన్నదే నేను కల్పించింది.