నోరున్న చిలుక

“ఆ మూల గది సోమవారంనుంచి నా స్టూడియో,” అన్నాడు మైకు మాస్టారు, భార్య చిలుక పంజరంతో ఇంకా గుమ్మం దాటకముందే.

వీధిలోవాళ్ళు ఆయనకి పెట్టిన పేరది. ఆయన కంపెనీలు తిరిగి ఉద్యోగులకు పాఠాలు చెబుతాడు. పాఠం పేరు ‘వినడం ఒక కళ’. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడకూడదని గుక్క తిప్పుకోకుండా పొద్దస్తమానం చెప్పగలడు. ఎవరైనా సందేహం అడగబోతే, ఆ సందేహమూ తనే చెప్పి జవాబూ తనే ఇచ్చేస్తాడు. అంత ఉదారుడు.

ఇకమీదట ఆ పాఠాలు వీడియోలుగా తీయాలని ఆయన ఆలోచన. దానికి మూల గది కావాల్సివచ్చింది. అందులో భార్య కుట్టుమిషను ఉంది, సగం కుట్టిన బట్టలున్నాయి, పొద్దంతా వెలుతురొచ్చే పెద్ద కిటికీ ఉంది. ఆ ఇంట్లో ఆవిడకంటూ ఉన్నది ఆ గది ఒక్కటే.

“అది కాదండీ, ఆ గది...”

“నువ్వేమంటావో నాకు తెలుసు. మిషను వంటింటి పక్కన పెట్టుకో. వెలుతురు సరిపోతుంది. ఇంకేమైనా ఉందా? లేదు. మంచిది.”

ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. ఆ సంగతి ఆయనే ఊరంతా గర్వంగా చెప్పుకునేవాడు. వినడమంటే ఎలా ఉండాలో తన పాఠాల్లో ఆవిణ్ణే ఉదాహరణగా చూపించేవాడు.

పక్షుల కేంద్రం నుంచి ఆవిడ పెంచుకోవడానికి తెచ్చుకున్నది ఆఫ్రికన్ గ్రే చిలుక. ఒళ్ళంతా బూడిదరంగు, తోక మాత్రం ఎర్రగా. పాత యజమానులు వదిలేసిన పక్షి. కొత్త మొహాలు చూస్తే బెదిరి ఈకలు పీక్కుంటుందట, అలవాటు పడేదాకా ఎవరూ తొంగిచూడకూడదట. అందుకని ఆవిడ పంజరాన్ని మూల గదిలో కిటికీ దగ్గర పెట్టి, గుమ్మానికి మందపాటి కర్టెన్ వేసింది. తను మాత్రం లోపల మిషను తొక్కుకుంటూ దానికి తోడుండేది.

“ఈ జాతి మాటల్లో మనుషుల్ని మించిపోతుందటగా,” అన్నాడు మాస్టారు. “మంచిదే. నా ఇంట్లో పెరిగితే ఏడాది తిరిగేసరికి ఉపన్యాసాలిస్తుంది.”

ఏడాది ఆగక్కర్లేకపోయింది. మర్నాడే ఆయన హాల్లో పచార్లు చేస్తూ ఫోన్లో ఎవరికో స్టూడియో గురించి దంచుతుంటే, కర్టెన్ వెనకనుంచి వినపడింది.

“చాలు. కాస్త ఊపిరి పీల్చుకో.”

అచ్చం భార్య గొంతే. కానీ ‘పీల్చుకో’! పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడ ఆయన్ని ‘మీరు’ తప్ప ‘నువ్వు’ అనలేదు.

ఆయన పరుగున వెళ్ళేసరికి ఆవిడే బయటికొచ్చింది. పెదాల మధ్య గుండుసూదులున్నాయి. తీరిగ్గా ఒక్కొక్కటే తీసి, “ఏమైందండీ?” అంది.

“చిలుక నన్ను ఊపిరి పీల్చుకోమంది!”

“పాత ఇంట్లో నేర్చుకున్న మాటలేమో, పాపం.”

“మరి గొంతు నీదేంటి?”

“పొద్దస్తమానం దాని పక్కనే ఉంటున్నాగా. ఈ పక్షులు గొంతులు ఇట్టే పట్టేస్తాయట.”

సబబుగానే తోచింది. ఆ పాత యజమానురాలు ఎంత గయ్యాళో అనుకున్నాడు. ఆ మొగుడెవరో ఆవిడతో ఎలా వేగాడో! ముక్కూ మొహం తెలియని ఆ మనిషి మీద మాస్టారికి ఎక్కడలేని జాలి కలిగింది.

అక్కణ్ణుంచి కర్టెన్ వెనక గొంతుకి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. సోఫాలోంచి కాఫీ కోసం కేకేస్తే “కాళ్ళున్నాయిగా, లేచి కలుపుకో” అని వచ్చేది. ఇంటికొచ్చిన వాళ్ళకి తన పాత జోకు మొదలుపెడితే “ఇది వాళ్ళకి తెలుసు” అని వచ్చేది. ఆయన కర్టెన్ ముందు నిలబడి వాదించేవాడు. వాదన సగంలో ఉండగానే జవాబొచ్చేది. మధ్యలో అడ్డుపడేవాళ్ళతో ఆయనకి అలవాటు లేదు. ఎందుకొచ్చిన గొడవని కాఫీ తనే కలుపుకోవడం మొదలుపెట్టాడు.

సోమవారం వడ్రంగి కొలతలకి వచ్చాడు. టేపు తీసి కర్టెన్ మీద చెయ్యి వేశాడో లేదో, లోపలినుంచి గట్టిగా వినపడింది.

“ఈ గది నాది. గోడకి ఒక్క మేకు దిగితే ఊరుకోను.”

వడ్రంగి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “అమ్మగారికి ఇష్టం లేనట్టుంది మాస్టారూ.”

“అమ్మగారు కాదయ్యా, చిలుక!”

“ఎవరైతేనేం, వద్దంటున్నారుగా,” అని వడ్రంగి టేపు చుట్టేసుకుని వెళ్ళిపోయాడు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. పోయి పోయి ఒక పక్షి చేత మాట పడటమా? అప్పటికప్పుడు కేంద్రానికి ఫోన్ చేసి, ఆ నోటి దురుసు చిలుకని ఈరోజే తీసుకెళ్ళాలని కేకలేశాడు. అది పోతే గది తనదే. కర్టెన్ వెనక మిషను చప్పుడు ఆగిపోయింది.

సాయంత్రం కేంద్రం నుంచి ఒకావిడ వచ్చింది. మాస్టారు ఆమెను గుమ్మంలోనే అందుకున్నాడు. చిలుక ఎప్పుడేమందో, ఎంత పొగరుగా అందో అభినయించి మరీ చెప్పాడు. ఆమె మాట్లాడాలని నోరు తెరిచిన ప్రతిసారీ చెయ్యి అడ్డంపెట్టి ఇంకొంచెం చెప్పాడు. చివరికి ఆయనకే దగ్గు తెర వచ్చింది.

ఆ సందు చూసుకుని ఆమె అయోమయంగా అంది.

“జబ్బు చేసి ఆ చిలుకకి గొంతు పోయి చాలాకాలమైంది సార్, గలగలా మాట్లాడేవి ఎన్ని చూపించినా మీ ఆవిడగారే నాకీ మూగదే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నారు!”