నిలదీయాల్సిన మనిషి

"మెన్సియక్కా! ఇంకా పొయ్యి దగ్గరేనా? ఫాదర్ ఒర్తూన్యో కొండ దిగుతున్నారట!"

పక్కింటి బ్రియాండా కేకకు మెన్సియా గరిటెతో సహా బయటికొచ్చింది.

"దిగనీ! ఊరంతా చూస్తుండగా నిలదీస్తాను. కోటను కాపాడే యుద్ధంలో నా మొగుణ్ణి ఎందుకు చంపావని అడుగుతాను."

"ఆయనిప్పుడు కెప్టెన్ కాదక్కా. కత్తి వదిలేసి సన్యాసుల మఠం పెట్టారు. దేశమంతా పునీతుడంటోంది."

"అంటే? నా పెరూచో లేచొస్తాడా?"

బ్రియాండా చౌరస్తాకి పరిగెత్తింది. చర్చి గంటలు మోగుతున్నాయి.

అప్పుడే ఒక కుంటి ముసలాయన గుమ్మం ముందు ఆగాడు. గోనెగుడ్డ అంగీ, కాళ్లకు చెప్పుల్లేవు.

"పెరూచో ఇల్లు ఇదేనా అమ్మా?"

"నువ్వూ ఆ కోటలో ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"రా అన్నా, రా! కూర్చో!" వేడి శనగల పులుసు, రొట్టె ముందు పెట్టింది. "చివర్లో మా ఆయన ఏమన్నాడు?"

ముసలాయన రొట్టె ముట్టలేదు.

"'గోడ కూలిపోయింది కెప్టెన్, లొంగిపోదాం, కుర్రాళ్లు బతుకుతారు' అన్నాడు. కెప్టెన్ వినలేదు. తన పేరు నిలబడితే చాలనుకున్నాడు."

"నాకు తెలుసు! నాకు తెలుసు!" మెన్సియా చప్పట్లు చరిచింది. "ఈ మాట అందరిముందూ చెప్తావా?"

"చెప్తాను. కానీ ముందు నీకు..."

మాట పూర్తికాకుండానే ఆమె కాళ్లముందు మోకరిల్లాడు.

"నన్ను క్షమించమ్మా."

"ఛ, లే! ఆ మొండివాడి మాట విని కాలు విరగ్గొట్టుకున్నవాడివి, నీ మీద నాకేం కోపం?" కన్నీళ్లు తుడుచుకుంటూ జబ్బ పట్టి లేపింది. "మనసారా క్షమించాను, సరేనా? పద!"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె వింటేగా! చెయ్యి పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ చౌరస్తాలోకి లాక్కెళ్లింది.

పూలు, కేకలు, డప్పులు. కంచరగాడిద మీద తెల్లగడ్డం సన్యాసి ఒకాయన వస్తున్నాడు.

మెన్సియా అడ్డంగా నిలబడింది.

"దిగు! పెరూచో పెళ్లాన్ని నేను! ఇదిగో, సాక్షిని తెచ్చాను!"

డప్పులు ఆగిపోయాయి.

సన్యాసి గబగబా దిగాడు. ఆమెను ఒకసారి చూసి, ఆమె పట్టుకున్న ముసలాయన ముందు తలవంచాడు.

"మీరు వెతుక్కుంటూ వచ్చింది ఈ తల్లి కోసమేనా, ఫాదర్ ఒర్తూన్యో?"