జోడు బిస్కెట్లు

"మైదా ఎంత తేవాలె బిడ్డా?" అని అడిగింది అంజమ్మ.

"పది కిలోలు," అంది సుజన. వెంటనే నాలుక కరుచుకుంది. "కాదమ్మా, అర్ధకిలో సాలు."

నవ్వుదామనుకుంది గానీ తల్లి ముఖం చూసి ఊరుకుంది. అంజమ్మ ఒళ్లోని బీడీల చాట పక్కకు పెట్టి, కొంగు దులుపుకుని బాన్సువాడ బజారుకు బయలుదేరింది.

దసరా సెలవులు. సుజన వచ్చిన రోజు తలుపు బార్లా తీసే ఉంది. అయినా ఎవరో తీస్తే గానీ లోపలికి రాకూడదన్నట్టు గడప బయటే నిలబడిపోయింది. చిట్టి పరుగున వచ్చి చేయి పట్టుకుని లాక్కెళ్లింది. అప్పటినుంచి తల్లి కొంగు వదలలేదు.

చిట్టి నాలుగో తరగతి. అమ్మ హైదరాబాద్‌లో బిస్కెట్లు చేస్తుందని బడిలో అందరికీ గొప్పగా చెప్పుకుంటుంది. రెండు బిస్కెట్ల మధ్య చాక్లెట్ పెట్టి చేసేవంటే దానికి ప్రాణం. వాటికి జోడు బిస్కెట్లని పేరు కూడా తనే పెట్టింది.

ఇంట్లో ఓవెన్ లేదు. వెడల్పాటి గంజులో ఇసుక పోసి, మూత పెట్టి పొయ్యి మీద వేడెక్కించింది సుజన. వెన్న, చక్కెర పొడి కలిపి తెల్లగా నురగ వచ్చేదాకా గిలక్కొట్టింది. మైదా, చిటికెడు ఉప్పు వేసి ముద్ద చేసింది. తల పైకెత్తకుండా, మాట్లాడకుండా, గబగబా.

"జర మెల్లగ చెయ్యమ్మా. ఎవ్వలు తరుముతలేరు," అంది చిట్టి.

సుజన చేతులు ఆగిపోయాయి. చపాతీ కర్ర కూతురికి అందించింది.

"నువ్వే ఒత్తు. సీసా మూతతోని గుండ్రంగ కొయ్యి. నేర్సుకుంటే, నేను లేనప్పుడు నువ్వే చేసుకోవచ్చు."

చిట్టి కర్ర కింద పెట్టేసింది.

"నేను నేర్సుకోను."

"ఎందుకే?"

"నాకొస్తే నువ్వు రావు."

సుజన పిండి చేతులతోనే కూతుర్ని దగ్గరికి లాక్కుంది. చిట్టి తల్లి ముంజేతి మీది మచ్చను వేలితో నిమిరింది. మోచేతి దాకా పాకిన పాత కాలిన మచ్చ.

"గిది బిస్కెట్లు కాల్చేటప్పుడు కాలిందా?"

"ఆఁ... గాడ పెద్ద పొయ్యి ఉంటది."

చిట్టి తలూపింది. మళ్లీ అడగలేదు.

కాలుతున్న వెన్న వాసన వాడకట్టంతా పాకింది. పక్కింటి బిట్టు ఆ వాసన పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. సుజన ఒక బిస్కెట్ తీసి, ఊది, వాడి చేతిలో పెట్టబోయింది.

"ఒరేయ్, ఇటు రా!"

బిట్టు తల్లి ప్రేమల. విసురుగా వచ్చి కొడుకు రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది. సుజన ముఖం కూడా చూడలేదు. సుజన పెళ్లికి చేతుల నిండా గోరింటాకు పెట్టింది ఈ ప్రేమలే. మొగుడు పోయి, పట్నంలో ఒంటరిగా ఉండే ఆడదాని గురించి ఊరు ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటుంది.

"బిట్టుకు బిస్కెట్లు ఇష్టం లేనట్టుంది," అంది సుజన, కూతురి వైపు చూడకుండా.

"వాళ్లమ్మకు ఇష్టం లేదు," అంది చిట్టి.

వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్ కరిగించారు. ఒక బిస్కెట్ మీద పూసి, రెండోది దానిమీద అదిమితే అంచుల్లోంచి చాక్లెట్ బయటికి పొంగింది. చిట్టి దాన్ని వేలితో తుడిచి అమ్మ నోట్లో పెట్టింది.

సద్దుల బతుకమ్మకు ముందురోజే ఆమె బయలుదేరాల్సి వచ్చింది.

"పండుగ ఎల్లేదాక ఉండరాదు బిడ్డా? జర అడిగి సూడు," అంది అంజమ్మ.

"అడిగినమ్మా. ఒప్పుకోలే. ఇయ్యాల పొద్దుమూకేలోపు గాడుండాలె. ఆలస్యమైతే మళ్ల సెలవు దొరకదు."

అంజమ్మ లేచి చెప్పులేసుకుంది. బట్టల సంచి తనే మోసుకుంటూ బస్టాండు దాకా వచ్చింది.

హైదరాబాద్ బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కింద అవ్వ పక్కన నిలబడ్డ చిట్టి కళ్లలో చుక్క నీరు లేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పి ఊరడించేది సుజన. ఏడవని పిల్లకు ఏం చెప్పాలో తెలియలేదు.

"మంచిగ సదువుకో. అవ్వను సతాయించకు."

"ఊఁ."

"బడిల ఎవలన్న నా గురించి అడిగితే..." సుజన ఆగిపోయింది.

"బిస్కెట్లు చేస్తదని చెప్త," అంది చిట్టి.

డ్రైవర్ బండి స్టార్ట్ చేశాడు. చిట్టి గబగబా అవ్వ చేతిలోని ఇంకో చిన్న సంచిలోంచి స్టీలు డబ్బా తీసి కిటికీలోంచి అందించింది. సుజన మూత తీసి చూసింది. నిండా జోడు బిస్కెట్లు. ఒక్కటీ విరగలేదు, ఒక్కటీ తగ్గలేదు.

"గివన్ని నీకోసం చేసినయి గదనే! ఒక్కటి గూడ తినలేదా? నాకెందుకే ఇన్ని?"

చిట్టి అటూ ఇటూ చూసింది. కిటికీ ఊచ పట్టుకుని మునివేళ్ల మీద లేచి, ఎవరికీ వినబడకుండా అంది:

"నీకు గాదమ్మా, జైల్ల మీ పెద్ద మేడంకియ్యి, తిని మంచిగనిపిస్తే నిన్ను జల్ది ఇడిసిపెడ్తది."