చివర చూపించిన జత

"కిటికీ మూసేస్తున్నానండీ. పాపకి అదనపు సబ్జెక్టు ఏదో తొందరగా చెప్పండి," అన్నాడు స్కూలు గుమాస్తా.

"అకౌంట్స్ రాయండి," అన్నాను. రేపు నా చెప్పుల కొట్టు చూసుకోవాల్సిన పిల్ల.

అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. "నాటకం తీసుకుంటా నాన్నా. సెలవుల్లో ఊళ్లు తిప్పుతారట."

"కొట్టు కట్టేసి నీ వెనక తిరగమంటావా? కుదరదు."

"పోనీ ఈత. తెల్లారకముందే నువ్వు దింపాలంతే."

"అప్పటికి కోడి కూడా లేవదు. ఇంకాస్త దిగు తల్లీ."

అది పెద్ద నిట్టూర్పు విడిచింది. "అయితే బొమ్మలు గీయడం. క్లాసు బళ్లోనే. అదీ వద్దంటే ఇక నీ ఇష్టం."

గుమాస్తా కిటికీ తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఆ బొమ్మలే రాసెయ్యండి," అన్నాను, బేరం గెలిచిన హుషారులో.

మెట్లు దిగుతుంటే దాని సంచీలోంచి కొత్త కుంచెల కట్ట జారి పడింది.

"ఇవెప్పుడు కొన్నావే?"

"పోయిన వారం," అంది, నవ్వు ఆపుకుంటూ.

అక్కడే ఆగిపోయాను. మా కొట్లో ముందు ఖరీదైన జతలు చూపిస్తాం. అమ్మదలచుకున్న జత చివర తీస్తాం. దీనికి అకౌంట్స్ అయ్యవారు కొత్తగా నేర్పేదేముంది?

"సెలవుల్లో కొట్టుకి రా. గల్లాపెట్టె దగ్గర కూర్చుందువుగాని," అన్నాను.

"జీతమెంతో ముందు నువ్వే చెప్పు నాన్నా," అంది.