రెండు పెట్టెల పందెం

“పాతది ఓడిపోతే పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం. మళ్లీ మాట మార్చకూడదు,” అన్నాడు తమ్ముడు.

“ముందు ఓడనీరా,” అంది అక్క.

కట్టబోయే ఇల్లు పూర్తయ్యాక ఎలా ఉంటుందో ముందుగానే కంప్యూటర్లో బొమ్మ చేసి చూపించడం వాళ్ల పని. పాత కంప్యూటర్ పోతే కొత్తదొక్కటే మిగులుతుంది. దాన్ని తమ్ముడు చూసుకుంటాడు. అక్క మాత్రం ముందుగదిలో కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడాలట. “కొత్తదాని మీద నీకు చెయ్యి తిరగదక్కా” అని తేల్చేశాడు. లేని ఇంట్లో, లేని గోడ మీద ఎండ ఎలా పడుతుందో చూడటంలో ఉన్న సంతోషం ముందుగదిలో ఎక్కడ దొరుకుతుంది?

ఒకటే పొడుగు బల్ల. కిటికీ వైపు అక్క, తలుపు వైపు తమ్ముడు. అక్క కాళ్ల దగ్గర రంగు వెలిసిన పాత పెట్టె. తమ్ముడి కాళ్ల దగ్గర రంగురంగుల లైట్లతో కొత్త పెట్టె. బల్ల వెనక తీగలు చిక్కుపడిన జుట్టులా ఉన్నాయి. వాటి జోలికి పోవద్దని, కొత్తది బిగించడానికి వచ్చిన మెకానిక్ చెప్పి వెళ్లాడు, ఇద్దరూ బుద్ధిగా పోలేదు.

“నీదాంట్లో ప్రాసెసర్‌కి రెండు కోర్లు. నాదాంట్లో ఎనిమిది. అంటే నీ వంటింట్లో ఇద్దరు వంటవాళ్లు, నా వంటింట్లో ఎనిమిది మంది. నెల రోజులుగా చూస్తున్నా, వెన్నలో చాకులా పోతోంది!”

“మంది ఎక్కువైతే మజ్జిగ పలచనట. అయినా ఇది వచ్చాక నా పాతదానికీ పౌరుషం పుట్టిందిరా. ఇదివరకటి కంటే చురుగ్గా ఉంటోంది.”

“ఆఁ, పుడుతుంది పుడుతుంది,” అని నవ్వాడు తమ్ముడు. “ఆ మెకానిక్కి అసలు బుద్ధి లేదు. పెద్దదానివని కొత్తది నీకు బిగించి పోయాడు. వాడటు వెళ్లగానే నేను కాలితో పెట్టెలు రెండూ అటూ ఇటూ జరుపుకున్నాను కాబట్టి సరిపోయింది.”

ఇద్దరి స్క్రీన్ల మీదా ఒకటే ఇల్లు. వానకు తడిసిన వరండా, పైన మేడ, మేడ మీద ఎండ. ఎవరి బొమ్మ ముందు పూర్తయితే వాళ్లదే గెలుపు. “ఒకటి, రెండు, మూడు” అని, బొమ్మ గీయమని ఇద్దరూ ఒకేసారి మీట నొక్కారు.

తమ్ముడి కాళ్ల దగ్గర పెట్టె గుయ్‌మంటూ ఫ్యాను తిప్పింది. “విన్నావా? అదీ పనంటే!” అన్నాడు.

ఈలోపు కిటికీ వైపు స్క్రీన్ మీద మేడ వచ్చేసింది. వరండా వచ్చేసింది. తడి నేల మీద స్తంభాల నీడలు కూడా పడిపోయాయి. తలుపు వైపు స్క్రీన్ మీద ఇంకా పైకప్పు సగం దగ్గరే ఉంది.

“అయిపోయిందిరా!” అక్క గొంతులో సంతోషం దాగలేదు.

తమ్ముడు నోరు తెరిచాడు. మూయడం మరిచిపోయాడు.

“అవున్రా, నా బొమ్మ అయిపోగానే నీ పెట్టె ఫ్యాను ఎందుకు చల్లబడింది? నీ బొమ్మ ఇంకా కానేలేదు కదా?” అడిగింది అక్క.

“అలిసిపోయిందేమో!” అన్నాడు విసుగ్గా. అక్కకి ఆ జవాబు ఎందుకో మింగుడుపడలేదు.

తమ్ముడు వంగి కొత్త పెట్టె మీద స్టిక్కర్ చదివాడు. ఎనిమిది కోర్లనే ఉంది. పాతదాన్ని తట్టి చూశాడు. దుమ్ము రాలింది. “నా చేతిలో ఏమైనా తేడా ఉందేమో, కుర్చీలు మార్చుకుందాం,” అన్నాడు. మార్చుకున్నారు. ఈసారి కిటికీ వైపు తమ్ముడు, తలుపు వైపు అక్క. అయినా గెలిచింది కిటికీ వైపు స్క్రీనే.

“మోసం!” అని లేచాడు తమ్ముడు. “కొట్టువాడు నన్ను నిలువునా ముంచాడు. స్టిక్కర్ ఎనిమిదని వేసి లోపల గుడ్డిగవ్వ పెట్టాడు. ఇప్పుడే తీసుకెళ్లి వాడి మొహాన పడేస్తా.”

“తొందరపడకురా. ఎందుకలా అయిందో చూద్దాం. పొద్దున్నే రెండు పెట్టెల బటన్లూ నేనే నొక్కుతాను, రెండూ బాగానే…”

“చూసేదేం లేదు. నీ పాతదే గొప్పది, ఒప్పుకున్నా. నీ కుర్చీ నీదే. చాలా?”

అక్క కళ్లు చెమర్చాయి. కిటికీ వైపుకి వచ్చి, వంగి పాత పెట్టెను ఆప్యాయంగా నిమిరింది. తలుపు వైపు స్క్రీన్ మీద బొమ్మ ఇంకా నింపాదిగా వస్తూనే ఉంది. తమ్ముడు బల్ల కింద దూరి, కొత్త పెట్టె ప్లగ్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

రంగురంగుల లైట్లు ఆరిపోయాయి. వాటితో పాటే కిటికీ వైపు స్క్రీన్ కూడా ఆరిపోయింది.

తలుపు వైపు స్క్రీన్ మీద మాత్రం వరండా స్తంభం ఒకటి మెల్లగా పైకి లేస్తోంది.

తమ్ముడు ప్లగ్ చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. వెనక వేలాడుతున్న తీగలను చూశాడు, పెట్టెలను చూశాడు, తన కాలిని చూసుకున్నాడు.

అక్క బల్ల కిందకి తొంగి చూసి అడిగింది:

“ఏమన్నావురా? కొత్తదాని మీద నాకు చెయ్యి తిరగదనా?”