అంటుకున్న కాయలు

"ఇవి లోపలి మొక్కవా, కంచె బయటివా?" ఎస్టేటు గుమాస్తా గోపాలసామి ఒక లుంగీని బల్ల మీద పరిచాడు. అంచు పొడుగునా కాయలు అంటుకుని ఉన్నాయి. "చూసి చెప్పు, ఎర్రమ్మా. కలుపు సంగతి నీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదని ఈ సార్జెంటుకు చెప్పాను."

లుంగీ ఎర్రమ్మ మొగుడు కూర్మయ్యది. అతను తువ్వాలు చుట్టుకుని గోడవార నిలబడి ఉన్నాడు. సముద్రం దాటొచ్చిన ఈ రబ్బరు దేశంలో తెల్లదొరల ఎమర్జెన్సీ రోజులు. కంచె దాటి అడవిలోని తిరుగుబాటుదార్లకు అన్నం మోసినట్టు తేలితే జైలే.

ఎర్రమ్మ ఒక కాయ పీకి చూసింది. రబ్బరు చెట్ల కింద పాకే మొక్కకు తిన్నని కాయ. బయట లాలాంగ్ గడ్డిలో పెరిగేదీ అదే జాతి, కానీ కాయ వంకర.

ఇది వంకరగా ఉంది. గుప్పిట మూసింది.

"లోపలియ్యే అయ్యా. నా సీరకీ రోజూ ఇయ్యే."

సార్జెంటు లుంగీని కూర్మయ్య మీదికి విసిరాడు.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. ఎర్రమ్మ తమ్ముడు తాతబాబు అడవిలోకి పోయి ఏడాదైంది.

"మా తమ్ముడికేనా మోసినావు?"

కూర్మయ్య తలూపాడు.

"నాకొక్క ముక్క సెప్తే ఏటయ్యా? కడుపునిండా తింతన్నాడా?"

"నేనెట్టిన ముద్ద కాకులు తింతన్నాయే. తూటా తగిలి పోయినాడు. ఆరు నెలలైంది. లాలాంగ్‌లో నేనే పూడ్సినాను."

ఎర్రమ్మ గుప్పిట విప్పింది.

"మరి ఇది?"

"ఆడి మీద మొలిసిందే."